రోటరీ ఇంజను మౌంటు సరిచేయడం: వాషరు వేసే ముందు కొలవాల్సినవి

విమానం ప్రొపెల్లరు మధ్యనుండే టోపీని స్పిన్నరు అంటారు, ఇంజను మీది తొడుగుని కౌలింగు అంటారు. మా విమానంలో స్పిన్నరు వెనక పళ్లేనికీ కౌలింగుకీ మధ్య సందు పైన 8 మి.మీ., కింద 5 మి.మీ. ఉంది. స్పిన్నరు అంచు కౌలింగు అంచు కన్నా 6 మి.మీ. కిందకి దిగి కూర్చుంది. ఇది చూడగానే చెయ్యి వాషర్ల డబ్బా మీదకి పోతుంది. ఇంజనుని మోసే రబ్బర్లలో ముందు రెండింటి కింద రెండేసి వాషర్లు వేస్తే ముక్కు లేస్తుంది, సందు సమానమవుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 6 మి.మీ.లో మౌంటు (ఇంజనుని విమానానికి పట్టి ఉంచే చట్రం) వాటా ఎంత, రబ్బరు దిగడం ఎంత, ప్రొపెల్లరు బిగించే పళ్లెం, అంటే ఫ్లాంజి, వంకర ఎంత, కౌలింగు కోతలో తప్పెంత అన్నది విడదీయకుండా వాషరు వేస్తే, తప్పు ఒకచోట ఉండగా మందు ఇంకోచోట పూసినట్టే.

ఇక్కడ చెప్పేది ఇంట్లో కట్టుకున్న ఆర్‌వి-7 తరహా రెండు సీట్ల విమానం గురించి. ఇంజను మాజ్డా 13బి, పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే రోటరీ రకం: రెండు రోటర్లు, 1308 సీసీ. దాని ముందు 2.85 నిష్పత్తి ప్లానెటరీ రిడక్షన్ గేరుబాక్సు, 1880 మి.మీ. వ్యాసమున్న ప్రొపెల్లరు. మౌంటు 4130 క్రోమోలి ఉక్కు గొట్టాలతో టిగ్ వెల్డింగ్ చేసిన మంచం తరహాది. ఇంజను నాలుగు కాళ్ల మీద, నాలుగు రబ్బర్ల మీద కూర్చుంటుంది. ముందు రబ్బరుకీ వెనక రబ్బరుకీ మధ్య 380 మి.మీ., ఎడమకీ కుడికీ మధ్య 400 మి.మీ. దూరం. వెనక రబ్బరు నుంచి ప్రొపెల్లర్ హబ్బు 680 మి.మీ. ముందుంటుంది. ఫైర్‌వాల్ (ఇంజను వెనకున్న అడ్డగోడ) నుంచి హబ్బుకి మీటరు. ఈ కొలతలు మీ విమానంలో వేరుగా ఉంటాయి. లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

లైకమింగు (మామూలు పిస్టన్ల విమాన ఇంజను) వాళ్లు చెప్పుకునే చిట్కాలు యథాతథంగా ఇక్కడ పనికిరావు. వాళ్ల డైనఫోకల్ మౌంటులో రబ్బర్లు ఇంజను వెనకే, పైనా కిందా ఉంటాయి. పైదానికీ కిందదానికీ దూరం సుమారు 250 మి.మీ., స్పిన్నరు అక్కడి నుంచి 760 మి.మీ. ముందు అనుకుంటే, 1.6 మి.మీ. వాషరు ఒకటి స్పిన్నరుని దాదాపు 5 మి.మీ. లేపుతుంది. మంచం మౌంటులో అదే వాషరు ముందు కాళ్ల కింద వేస్తే 680ని 380తో భాగించి 1.6తో హెచ్చించాలి: 2.9 మి.మీ. మాత్రమే వస్తుంది. ఎవరో చెప్పిన వాషర్ల లెక్క పట్టుకుని మొదలుపెడితే సగం దారిలో ఆగిపోతాం.

రోటరీకి గేరుబాక్సు ఉంటుంది కాబట్టి మౌంటు మీద పడే తిప్పుడు బలం లెక్క కూడా వేరు. 180 హార్స్‌పవరు 6500 ఆర్‌పీఎం దగ్గర వస్తుందనుకుంటే ఎసెంట్రిక్ షాఫ్టు (రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్టు) మీద టార్కు 197 న్యూటన్ మీటర్లు. గేరుబాక్సు దాటాక ప్రొపెల్లరు 2280 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ సుమారు 560 తీసుకుంటుంది. మౌంటు ఆపాల్సింది ఆ 560ని, 197ని కాదు. అదే 180 హార్స్‌పవరుని 2700 దగ్గర ఇచ్చే లైకమింగులో ఇది 475. ఇప్పుడు మన 400 మి.మీ. వెడల్పు మీద పంచండి: ఒక పక్క మీద 1400 న్యూటన్లు, అంటే కాలుకి 71 కిలోలు. గేరుబాక్సు, ప్రొపెల్లరు అన్నీ కలిపి 150 కిలోలనుకుంటే కాలు మీద సగటు బరువు 37 కిలోలే. పూర్తి పవరు పెట్టినప్పుడు ఒక పక్క కాళ్లు రబ్బరు మీద నుంచి పైకి లేవాలని చూస్తాయన్నమాట. అందుకే కింద రెండో రబ్బరు, పెద్ద వాషరు, మధ్యలో గట్టి బోల్టు లేకుండా ఇంజనుని ఊరికే రబ్బరు మీద కూర్చోబెట్టే ఏర్పాటు విమానానికి పనికిరాదు. కారులో నడిచింది కదా అనే మాట ఇక్కడ చెల్లదు.

ముందుగా బరువు. ఇంజను మీద వేలాడేవన్నీ వేలాడాలి: ప్రొపెల్లరు, ఆల్టర్నేటరు, స్టార్టరు, ఎగ్జాస్టు, ఆయిలు, కూలెంటు నిండుగా. ఒట్టి ఇంజనుతో సరిచూసి ఆ తర్వాత ప్రొపెల్లరు బిగిస్తే ముందు రబ్బర్లు మళ్లీ దిగుతాయి, కొలిచిందంతా వృథా. బరువు ఎక్కించాక రెండు మూడు రోజులు అలాగే వదిలేసి కొలిచేది ఇంకా నమ్మకం. కొత్త రబ్బరు మొదటి రోజు దిగినంత తర్వాత దిగదు.

రెండోది విమానాన్ని నిలబెట్టే తీరు. ఆర్‌వి-4, 6, 7 టెయిల్‌వీల్ రకాల్లో ముందు చక్రాల కాళ్లు ఇంజను మౌంటులోని గూళ్లలోనే దిగుతాయి. 6ఏ, 7ఏలలో ముక్కు చక్రం కాలు కూడా మౌంటుకే. చక్రాల మీద నిలబెట్టి కొలిస్తే ఆ కాళ్లు మౌంటుని ఎంతో కొంత లాగుతుంటాయి. ఫైర్‌వాల్ బోల్టు వదులు చేస్తే విమానమే కూలబడుతుంది. రెక్కల కింద జాకీలు, తోక కింద స్టాండు పెట్టి, చక్రాలు నేలని అంటీ అంటనట్టు ఉంచాలి. ఇంజనుని చైన్ బ్లాకుతో లేపే ముందు ముక్కు చక్రం ఉన్న విమానమైతే తోకని నేలకి కట్టేయాలి. ఇంజను బరువు పోగానే అది తోక మీద కూర్చుంటుంది.

బ్యాటరీ తీసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పేయండి. రోటరుకి రెండేసి, లీడింగు ఒకటి, ట్రెయిలింగు ఒకటి. ప్రొపెల్లరు చేత్తో తేలిగ్గా తిరగాలి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి. కంప్రెషను తోస్తుంటే ప్రొపెల్లరు రెక్క సరిగ్గా అడ్డంగా నిలవదు.

ఇక కొలత. విమానాన్ని పై లాంజిరాన్ల (ఒంటి పొడవునా పోయే కడ్డీల) మీద మట్టం చేసి, డిజిటల్ మట్టాన్ని అక్కడే సున్నా చేయాలి. ఫైర్‌వాల్ మీద సున్నా చేయకండి. ఆ రేకు ఎక్కడో ఒకచోట వంగే ఉంటుంది. తర్వాత ప్రొపెల్లర్ రెక్కల ట్రాకు: ఒక కర్రని నేల మీద బిగించి ఒక రెక్క చివర తగిలేటట్టు పెట్టి, రెండో రెక్కని అక్కడికి తిప్పి తేడా చూడాలి. మెటల్ ప్రొపెల్లరుకి 1.6 మి.మీ., చెక్కదానికి 3 మి.మీ. దాటితే మౌంటు జోలికి వెళ్లొద్దు, ముందు ఆ గొడవ తేల్చుకోవాలి.

ట్రాకు బాగున్నా ఫ్లాంజి ముఖం షాఫ్టుకి కచ్చితంగా లంబంగా ఉంటుందని నమ్మకూడదు. స్పిన్నరు తీసి, ఫ్లాంజి ముఖం మీద మట్టం నిలువుగా ఆనించాం: 89.7 డిగ్రీలు. ఫ్లాంజిని అరచుట్టు తిప్పి అదేచోట మళ్లీ చూస్తే 89.3. ఒక్కసారే చూసి ఊరుకుంటే ఏదో ఒక అంకె పట్టుకుని 0.2 డిగ్రీలు తప్పు చేసేవాళ్లం. రెండింటి సగటు 89.5. ముక్కు అర డిగ్రీ కిందకి ఉంది. స్పిన్నరు పళ్లెం వ్యాసం 330 మి.మీ., పైకీ కిందకీ సందులో తేడా 3 మి.మీ.: అది కూడా అర డిగ్రీయే చెబుతోంది. రెండు దారుల్లో వచ్చిన లెక్క కలిసింది కాబట్టి కౌలింగు కోత బాగానే ఉంది, దిగింది ఇంజనేనని తేలింది. కలవకపోతే అనుమానించాల్సింది కౌలింగుని.

అడ్డం కోణం ఇంతకన్నా కష్టం, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మా ప్లానులో థ్రస్టు గీత (ప్రొపెల్లరు లాగే దిక్కు) నిలువులో 0 డిగ్రీలు, కుడికి 1 డిగ్రీ. మీ ప్లానులో అంకె ఏదైతే అదే పట్టుకోండి. ప్రొపెల్లరు ఏ పక్కకి తిరుగుతుందో కూడా ఒకసారి కళ్లతో చూసి నిర్ధారించుకోండి. బెల్టు, ప్లానెటరీ గేర్లలో షాఫ్టు తిరిగే దిక్కే ప్రొపెల్లరుకీ ఉంటుంది. జత పళ్లచక్రాల గేరుబాక్సైతే తిరగబడుతుంది, అప్పుడు ఎడమకి పెట్టాల్సి వస్తుంది.

చాలామంది చేసేది: ప్రొపెల్లరు రెక్కని అడ్డంగా పెట్టి, దాని రెండు కొసల నుంచి తోక మధ్య బిందువుకి టేపు పట్టి, రెండు దూరాల తేడా చూడటం. 1 డిగ్రీ ఉంటే 1880 మి.మీ. వ్యాసం మీద ఒక కొస రెండోదానికన్నా 33 మి.మీ. వెనకుండాలి. మాకు టేపు 22 చూపింది. అంటే 0.67 డిగ్రీలు, 0.33 తక్కువ అన్నమాట. ఆ మాట నమ్మి ఉంటే తప్పు చేసేవాళ్లం. ఎందుకంటే ఇంజను కుడికి తిరిగి ఉన్నప్పుడు హబ్బు కూడా మధ్యగీత నుంచి కుడికి జరుగుతుంది. ఫైర్‌వాల్ నుంచి మీటరు దూరంలో 15 మి.మీ. జరిగింది. ఆ జరుగుడు వల్ల కుడి కొస తోక బిందువుకి అడ్డంగా దూరమవుతుంది, ఎడమ కొస దగ్గరవుతుంది, తేడాలోంచి ఐదారు మిల్లీమీటర్లు మింగేస్తుంది. హబ్బు మధ్యలోనే ఉండాలని కొందరు ఇంజను మొత్తాన్ని కొంచెం ఎడమకి జరిపి మౌంటు కడతారు. వాళ్లకి టేపు నిజమే చెబుతుంది. మాది అలా కట్టలేదు.

నమ్మదగిన పద్ధతి నేల మీద గీతలు. ఫైర్‌వాల్ మధ్య నుంచి ఒకటి, తోక కొస నుంచి ఒకటి, మేస్త్రీలు వాడే గుండుదారం వేలాడదీసి నేల మీద రెండు చుక్కలు పెట్టాలి. వాటిని కలుపుతూ సున్నపు దారం కొట్టాలి. అది విమానం మధ్యగీత. ప్రొపెల్లరు కింద దానికి లంబంగా ఇంకో గీత కావాలి. మూలమట్టం చాలదు, అది చిన్నది. 3-4-5 లెక్కన 1.5 మీటర్లు, 2 మీటర్లు, 2.5 మీటర్ల త్రిభుజం గీసి లంబం తెచ్చుకోవాలి. ఒక రెక్క కొసకి చిన్న ముక్క టేపు అంటించి గుర్తు పెట్టి, ఆ రెక్కని కుడికి అడ్డంగా తిప్పి గుండు దించి చుక్క పెట్టాలి. అదే రెక్కని ఎడమకి తిప్పి మళ్లీ చుక్క పెట్టాలి. ఒకే కొస రెండు చోట్లా వాడటం వల్ల రెక్కల మధ్య తేడాలు లెక్కలోకి రావు. రెండు చుక్కలూ అడ్డగీతకి ఎంతెంత దూరంలో ఉన్నాయో చూసి తీసివేయాలి. గుండు ఊగుతుంటే కింద ఒక డబ్బాలో పాత ఆయిలు పోసి అందులో ముంచితే స్థిరపడుతుంది. హ్యాంగరు తలుపు మాత్రం మూసుకోండి.

నేల మీద తేడా 28 మి.మీ. వచ్చింది. అంటే 0.85 డిగ్రీలు. కావాల్సిన దానికి 0.15 మాత్రమే తక్కువ.

ఈ 0.15ని ముందు కాళ్ల దగ్గర సరిచేయలేం. బోల్టు రంధ్రాలు ఉన్నచోటే ఉంటాయి కదా. దాన్ని ఫైర్‌వాల్ దగ్గరే సరిచేయాలి. అక్కడ మౌంటు పాదాల ఎడమ కుడి దూరం 600 మి.మీ. ఎడమ పాదాలు రెండింటి వెనకా 1.6 మి.మీ. వాషరు ఒక్కొక్కటి వేస్తే 0.15 డిగ్రీలు, హబ్బు దగ్గర 2.7 మి.మీ. కుడికి. సరిగ్గా సరిపోయింది. టేపు మాట విని రెండేసి వేసి ఉంటే కుడికి 1.16 అయ్యేది. 1 డిగ్రీ మొత్తం ఇలా వాషర్లతో తేవాలని మాత్రం అనుకోకండి. 600 మీద 10.5 మి.మీ. కావాలి, ఫైర్‌వాల్‌కి మౌంటుకి మధ్య అంత మందం పేరిస్తే బోల్టు వంగుతుంది. అది జిగ్గులో (గొట్టాలని కదలకుండా పట్టే చట్రంలో) వెల్డింగప్పుడే రావాలి.

వాషరు వేయడానికి ముందు ఇంకో పరీక్ష ఉంది, దాన్ని వదిలేస్తే మిగిలినదంతా దండగ. ఇంజను దించేసి మౌంటు ఒక్కదాన్నే ఫైర్‌వాల్‌కి పెట్టి, మూడు బోల్టులు వేళ్లతో బిగించి, నాలుగో పాదం కింద ఫీలర్ గేజి దూర్చి చూడాలి. మా దాంట్లో కుడి కింద పాదం దగ్గర 1.2 మి.మీ. సందు. బయట వెల్డింగు చేయించిన మౌంటది. చల్లారకముందే జిగ్గు నుంచి తీస్తే గొట్టాలు ఇలా లాక్కుంటాయి. దీన్ని బోల్టుతో లాగి మూసేయొచ్చు, తేలిగ్గానే మూసుకుంటుంది. ప్రమాదం కూడా అక్కడే. లాగిన బలం గొట్టంలో ఉండిపోతుంది, దాని మీద ఇంజను అదురు చేరుతుంది, కొన్ని గంటల తర్వాత వెల్డింగు పక్కన వెంట్రుకంత బీట పడుతుంది. లేత్ మీద 1.2 మి.మీ. ఉక్కు షిమ్ము (సందు పూడ్చే పలక) ఒకటి, పాదమంత వెడల్పుతో తీయించి వేశాం. సందు 2 మి.మీ. దాటి ఉంటే షిమ్ముతో సర్దుకోకుండా మౌంటుని తిరిగి జిగ్గుకెక్కించడమే నయం. మౌంటుకి తెల్ల రంగు వేయించమని అందరూ అనేది కూడా ఈ బీటల కోసమే. నల్ల రంగు మీద అవి కనపడవు.

ఇప్పుడు నిలువు. ముందు రబ్బర్ల కింద 4.8, వెనక వాటి కింద 1.6 మి.మీ. వేయాలని లెక్క తేలింది. నాలుగింటికీ ఉమ్మడిగా వచ్చే 1.6 ఇంజనుని అలాగే పైకి లేపుతుంది. ముందు అదనంగా ఉన్న 3.2 హబ్బుని 5.7 లేపుతుంది, కోణం 0.48 డిగ్రీలు సరిచేస్తుంది. మొత్తం 7.3. ఇంతకుముందు 6 కింద ఉన్న స్పిన్నరు ఇప్పుడు కౌలింగు కన్నా 1.3 మి.మీ. పైన ఉంటుంది. సమానంగా కాకుండా పైన ఎందుకంటే, రబ్బరు ఇంకా దిగుతుంది. ఈ రోజు ముచ్చటగా సమానంగా కూర్చున్న స్పిన్నరు 40 గంటలకి మళ్లీ కింద కనిపిస్తుంది.

షిమ్ము ఎక్కడ దూర్చాలన్నది దాని మందమంత ముఖ్యం. ఒక కాలు దగ్గర పై నుంచి కిందకి వరస ఇది: ఇంజను కాలు, పై రబ్బరు, మౌంటు పలక, కింద రబ్బరు, పెద్ద వాషరు, నట్టు. ఇంజను కాలు నుంచి పెద్ద వాషరు దాకా రబ్బర్ల మధ్యలోంచి ఒక ఉక్కు గొట్టం పోతుంది, దాని లోపల బోల్టు. నట్టు ఎంత బిగించినా రబ్బరు నలిగేది ఆ గొట్టం పొడవు ఒప్పుకున్నంతే. షిమ్ముని రబ్బరుకీ మౌంటు పలకకీ మధ్య, గొట్టం చుట్టూ ఉంగరంలా వేశామనుకోండి: ఇంజను లేస్తుంది, కానీ గొట్టం పొడవు అంతే ఉంది కాబట్టి ఆ 4.8 మి.మీ. అంతా రబ్బరు అదనంగా నలగాలి. నలిగిన రబ్బరు చెక్కలా గట్టిపడుతుంది, అదురంతా సీటులోకి, రడ్డరు పెడల్సులోకి వస్తుంది. షిమ్ము ఇంజను కాలికీ గొట్టం పై కొసకీ మధ్య ఉండాలి, అంటే గొట్టమూ రబ్బరూ రెండూ దాని కిందే ఆనాలి. అప్పుడు రబ్బరు బిగుతు మారదు, ఇంజను మాత్రమే లేస్తుంది. దీనికి బోల్టు అంత పొడవు పెరగాలి. ఉన్న బోల్టుతోనే సర్దుకుందామనుకుంటే నట్టు పైన మర కనపడదు. నట్టు దాటి కనీసం ఒక పూర్తి మర బయటికి రావాలి. మరీ పొడవైనది వేస్తే నట్టు మర అయిపోయి నున్నటి భాగం మీద ఆగుతుంది. రెంచి క్లిక్కుమంటుంది, బిగుతు మాత్రం ఉండదు.

4.8 కోసం మూడు వాషర్లు పేర్చకుండా ఒకే మందపాటి అల్యూమినియం పలక లేత్ మీద తీయించాం. వాషర్లు పేర్చితే ఒకదాని మీద ఒకటి అరుగుతాయి, కొన్ని గంటలకి బిగుతు తగ్గుతుంది. విమానాలకి వాడే ఏఎన్ ప్రమాణంలో ఏఎన్960-716 వాషరు మందం 0.063 అంగుళాలు, అంటే 1.6 మి.మీ.; పలచటి రకం, చివర ‘ఎల్’ ఉన్నది, 0.032, అంటే 0.8. ఒకటీ రెండూ దాకా వీటితో సరిపెట్టుకోవచ్చు, ఆపైన పలకే.

పని వరస: చైన్ బ్లాకుతో ఇంజను బరువు పట్టుకోవాలి, ఎత్తేయకూడదు. నాలుగు నట్లూ వదులు చేయాలి. ఒక కాలునే వదులు చేసి షిమ్ము దూర్చి బిగించి రెండో కాలికి పోతే రబ్బర్లు మెలితిరిగి ఇరుక్కుంటాయి, కొలత ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది. షిమ్ములు అన్నీ పెట్టి, నట్లు చేత్తో పట్టించి, చైను పూర్తిగా వదిలేసి, హబ్బు పట్టుకుని పైకీ కిందకీ, పక్కలకీ ఓ పదిసార్లు ఊపాలి. రబ్బర్లు తమ చోట కూర్చున్నాక ఎదురెదురు మూలల వరసలో రెండు విడతలుగా బిగించాలి. రబ్బర్ల దగ్గర ఏఎన్7 బోల్టులు: 450 నుంచి 500 ఇంచ్-పౌండ్లు. ఫైర్‌వాల్ దగ్గర ఏఎన్6: 160 నుంచి 190. సెల్ఫ్ లాకింగు నట్టు కాబట్టి, అది ఒట్టిగా తిరగడానికే ఎంత పడుతుందో ముందు రెంచితో చూసి ఆ అంకెని దీనికి కలపాలి. ఫైర్‌వాల్ ముందు నైలాన్ నట్లు వాడొద్దు. 121 డిగ్రీల సెల్సియస్ దాటితే వాటి పట్టు పోతుంది, రోటరీ ఎగ్జాస్టు పక్కన అంత వేడి పెద్ద విషయం కాదు. పూర్తి లోహపు లాక్ నట్లే.

అన్నీ బిగించాక మళ్లీ కొలిస్తే ఫ్లాంజి సగటు 89.9, నేల మీద తేడా 33, స్పిన్నరు 1 మి.మీ. పైన. మట్టం 0.1 కన్నా సన్నగా చెప్పదు కాబట్టి అక్కడితో ఆపాం.

గేరుబాక్సుకీ ఇంజనుకీ మధ్య కుదురు బాగాలేక వచ్చే అదురుని మౌంటు షిమ్ములతో పోగొట్టాలని చూడకండి. అది వేరే రోగం. అనుమానం ఉంటే ఇంజను పుల్లీ వైపు డయల్ గేజి పెట్టి షాఫ్టు ముందు వెనక ఆట చూడండి. 13బికి 0.04 నుంచి 0.07 మి.మీ. ఉండాలి. గేరుబాక్సు బిగించక ముందు ఉన్న ఆట బిగించాక మాయమైతే, ఏదో షాఫ్టుని ముందుకో వెనక్కో తోస్తోందన్నమాట. గేరుబాక్సు విప్పి అక్కడ వెతకాలి. అలాగే గాల్లో, విమానం పక్కకి జారుతోందని చూపే ప్యానెల్ మీది బంతి మధ్యలో లేదని మౌంటు మీద పడేవాళ్లూ ఉన్నారు. ఎక్కేటప్పుడు పెడలు తొక్కాల్సి రావడం మామూలే. నిలకడగా పోతున్నప్పుడు కూడా బంతి పక్కకి పోతుంటే మొదట చక్రాల కాళ్ల ఫెయిరింగులు (గాలి ఒరిపిడి తగ్గించే తొడుగులు) వంకరగా ఉన్నాయేమో, రడ్డరు సరిగ్గా మధ్యలో ఉందేమో చూడాలి. కాలి ఫెయిరింగు రెండు డిగ్రీలు తిరిగి ఉన్నా చాలు, బంతి కదులుతుంది.

ఇంజను స్టార్టు చేసే ముందు బంకమట్టి పని ఒకటుంది, పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి రకం. ఇంజను భాగాలకీ మౌంటు గొట్టాలకీ, కౌలింగుకీ దగ్గరగా ఉన్న ప్రతిచోటా 15 మి.మీ. ముద్ద అంటించాలి. ఎగ్జాస్టు దగ్గర వద్దు, కరిగి కారుతుంది. తోక తాడుతో గట్టిగా కట్టి, చక్రాలకి దిమ్మెలు పెట్టి, ఐడిలు, పూర్తి పవరు, మళ్లీ ఐడిలు, ఆపడం. రోటరీలో పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్లు లేవు. పవరులో అది నూనె పోసినట్టు నడుస్తుంది. పెద్దగా ఊగేది ఐడిలులో, ఇంకా ఎక్కువగా ఆపేటప్పుడు. ఆపాక ముద్దలు ఎంతెంత నలిగాయో చూడాలి. ఎక్కడైనా 12 మి.మీ. కన్నా పలచబడితే ఆ చోట ఖాళీ చాలదు. మాకు ఒక కూలెంటు గొట్టపు క్లాంపు స్క్రూ దగ్గర ముద్ద 6 మి.మీ.కి దిగింది, దాని ఎదుటి మౌంటు గొట్టం మీద స్క్రూ తల అచ్చు పడబోతోంది. క్లాంపుని పావు చుట్టు తిప్పితే సరిపోయింది.

ఇంజను కొన్ని మిల్లీమీటర్లు లేచింది కాబట్టి దానికి తగులుకున్నవన్నీ కూడా చూసుకోవాలి. థ్రాటిల్ కేబులు బిగుసుకుపోయిందా, పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకుంటోందా. పవరులో ఇంజను పక్కకి ఒరిగినప్పుడు కేబులు లాగి ఐడిలు పెరుగుతోందా. కూలెంటు, ఆయిలు గొట్టాలకి కొంచెం వదులు ఉండాలి. బిగుతుగా ఉంటే అవే ఇంకో మౌంటులా పనిచేస్తాయి. ఇంజనుకీ ఎయిర్‌ఫ్రేముకీ మధ్య మందపాటి ఎర్తు పట్టీ ఉండి తీరాలి. రబ్బర్లు కరెంటుని ఆపేస్తాయి, పట్టీ లేకపోతే స్టార్టరు కరెంటు థ్రాటిల్ కేబులు గుండా వెనక్కి పోయి దాన్ని కాల్చేస్తుంది. ఎగ్జాస్టు పక్కనున్న రబ్బరుకి స్టెయిన్‌లెస్ రేకు కవచం, రేకుకీ రబ్బరుకీ మధ్య గాలి ఆడే సందు ఉండేలా.

అమెరికాలో సర్టిఫై కాని ఇంజనుతో కట్టిన విమానానికి మొదటి పరీక్షా దశ మామూలుగా 40 గంటలు. ఆ గంటలు రబ్బరు దిగడానికి కూడా సరిపోతాయి. మొదటి గంటకి, 10 గంటలకి, 25 గంటలకి నట్ల మీద గీసిన రంగు గీత తెగిందేమో చూసి, టార్కు మళ్లీ పట్టించి, స్పిన్నరు సందు నాలుగుచోట్ల కొలిచి రాసుకోవాలి. మాది మొదటి 10 గంటల్లో 0.7 మి.మీ. దిగింది, 25కి ఇంకో 0.3, 40కి అక్కడే ఉంది. ఏ కాలు కింద ఎంత షిమ్ము, ఏ బోల్టు ఎంత పొడవు, ఏ పాదం వెనక 1.2 మి.మీ. పలక ఉందో లాగ్‌బుక్కులో బొమ్మ గీసి పెట్టాం. రబ్బర్లు మార్చే రోజు ఈ షిమ్ములన్నీ విప్పి బల్ల మీద పెడితే ఏది ఎక్కడిదో బొమ్మ చూడకుండా ఎవరూ చెప్పలేరు.